రాజాజ్ఞ, ఆకలి, విశ్వాసం

ఒక జనసమూహం తాతముత్తాతల మతాన్ని విడిచి మరో మతాన్ని స్వీకరించడం చరిత్రలో సామాన్య విషయం కాదు. అటువంటి మార్పును పరిశీలించేటప్పుడు ఎందరు మారారన్న లెక్క చాలదు. ఏ కారణంగా మారారో చూడాలి.

ప్రాచీన యూరపు ఇందుకు పెద్ద ఉదాహరణ. బహుదేవతారాధన సాగిన రోమను సామ్రాజ్యంలో క్రైస్తవులు మొదట పీడితులే. క్రీ.శ. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి వారి ప్రార్థనాలయాలను కూల్చమని ఆజ్ఞాపించాడు. 313లో కాన్‌స్టంటైన్, లిసీనియస్‌లు వారికి మతస్వేచ్ఛ నిచ్చారు. 380లో థియోడోసియస్ త్రిత్వవాద క్రైస్తవాన్ని రాజ్యమతం చేశాడు. 391-392లో పాత దేవతలకు బలులివ్వడాన్ని నిషేధించాడు. ఎనభై ఏళ్ళు నిండకముందే పీడితుల మతం ప్రభువుల శాసనమయింది. తరువాత షార్లమేన్ సాక్సన్లపై విధించిన శాసనంలో బాప్తిస్మాన్ని నిరాకరించినవారికి మరణమే శిక్ష.

మన తెలుగుదేశంలో క్రైస్తవం వ్యాపించిన తీరు వేరు. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం చేరారు. పాలకులు క్రైస్తవులే అయినా, వ్యాపారానికి చిక్కులొస్తాయని కంపెనీ ప్రభుత్వం మిషనరీల పట్ల ముభావంగా ఉండేది. 1813 చార్టర్ చట్టంతో గాని వారికి దారి సుగమం కాలేదు. ఈ ఇద్దరూ తెలుగు నేర్చి, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలను అనువదించసాగారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో మరణించారు. ఇక్కడ వారి సాధనం ఖడ్గం కాదు, పుస్తకం.

జనం పెద్దయెత్తున కదిలింది ఒంగోలు ప్రాంతంలో. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం పొంది, తనవారి మధ్య తానే బోధకుడయ్యాడు. అతని వెంట నడిచినవారు గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టబోమన్నారు, చచ్చిన పశువుల మాంసం మానుకున్నారు. అందుకు ఊరిపెద్దల ఆగ్రహాన్ని చవిచూశారు. కష్టానికి ఓర్చి నిలిచినందున ఆ విశ్వాసాన్ని తేలికగా చూడరాదు.

ఇంతలో 1876-78 కరవు వచ్చింది. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. బాప్తిస్మమిమ్మని ఎందరో అడిగినా, కరవు రోజుల్లో ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చినవారెవరో, విశ్వసించి వచ్చినవారెవరో తేలదని అతని శంక. కరవు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య వెనుక అంటరానితనపు బాధ ఉందన్నది నిజమే. మానవునిగా గౌరవం కోరడం ప్రలోభానికి లొంగడం కాదు.

త్రిత్వ సిద్ధాంతాన్ని మనం అంగీకరించము. అయినా న్యాయంగా తూచడం మన విధి. సూరా అల్ బఖరా 256వ ఆయత్ ధర్మంలో నిర్బంధాన్ని తోసిపుచ్చింది. థియోడోసియస్ శాసనాన్ని ఆ త్రాసులో తూచేవాడు, ముస్లిం రాజుల చర్యలనూ అదే త్రాసులో తూచాలి. తనవారికొక తూకం, పరులకొక తూకం వాడేవాడు చరిత్రకారుడు కాడు.

రాజాజ్ఞ ఆలయ ద్వారాలు మూయగలదు, ఆకలి మనుషులను వరుసలో నిలబెట్టగలదు. హృదయాన్ని మార్చడం ఆ రెంటి చేతిలోనూ లేదు.