వంద వాట్ల వెనుక కథ

1960వ దశకం తొలి ఏళ్లలో బ్రిటన్ రాక్ బృందాలను వేధించిన సమస్య తమ వాయిద్యం తమకే వినపడకపోవడం. గిటారు తీగ కదలిక నుంచి పుట్టే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచి స్పీకరుకు అందించే యాంప్లిఫయరు అప్పట్లో ముప్పై వాట్లకు అటూఇటూగా ఉండేది. అది చిన్న క్లబ్బుకు సరిపోయేది గాని, డ్రమ్ముల మోత, శ్రోతల కేకలు కలిసిన పెద్ద హాలులో తేలిపోయేది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ బృందం 55 వేలకు పైగా జనం ముందు వంద వాట్ల వాక్స్ యాంప్లిఫయర్లతో వాయించినా, అభిమానుల అరుపులలో తాము ఏం వాయిస్తున్నామో వారికే సరిగా తెలియలేదు.

ఈ కొరతను తీర్చిన వారిలో ముఖ్యుడు జిమ్ మార్షల్. స్వయంగా డ్రమ్ము వాయిద్యకారుడు, ఆ విద్య నేర్పే గురువు అయిన ఇతడు పశ్చిమ లండన్‌లోని హ్యాన్‌వెల్‌లో వాయిద్యాల దుకాణం నడుపుతూ, అమెరికా ఫెండర్ సంస్థ బేస్‌మన్ నమూనాను ఆధారం చేసుకుని 1962లో తన తొలి యాంప్లిఫయరును తయారు చేయించాడు. దుకాణానికి వచ్చే కుర్రకారులో ‘ద హూ’ బృందపు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఒకడు. మరింత బలమైన యంత్రం కావాలన్న అతని పట్టుదల కారణంగానే 1965లో వంద వాట్ల యాంప్లిఫయరు, దానికి తోడు పన్నెండంగుళాల స్పీకర్లు ఎనిమిదింటిని ఒకే పెట్టెలో బిగించిన క్యాబినెట్ రూపొందాయి. ఆ పెట్టెను మోయలేక సామాను చేరవేసే పనివారు మొరపెట్టుకోగా దానిని రెండుగా విడగొట్టి ఒకదానిపై ఒకటి నిలబెట్టారు. రాక్ వేదికకు గుర్తుగా నిలిచిన ‘మార్షల్ స్టాక్’ రూపం ఆ విధంగా కూలీల నడుము నొప్పి నుంచి వచ్చిందే గాని, ఏ కళాకారుని ఊహ నుంచీ కాదు.

అవసరం కోసం పెరిగిన శబ్దం పదేళ్లు దాటేసరికి ఘనతగా మారింది. 1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్ అథ్లెటిక్ ఫుట్‌బాల్ మైదానంలో ‘ద హూ’ కచేరీ స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్‌గా నమోదై గిన్నిస్ పుస్తకానికెక్కింది. చెవులకు హాని చేసే పోటీని ప్రోత్సహించినట్లవుతుందని ఆ పుస్తకం తరువాతి కాలంలో ఈ విభాగాన్నే ఎత్తివేసింది.

హాని జరిగే తీరు ఇది. లోచెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియా అనే భాగంలో సుమారు 15 వేల రోమకణాలు శబ్ద ప్రకంపనలను నాడీ సంకేతాలుగా మారుస్తాయి. తీవ్రమైన శబ్దానికి ఇవి అలసిపోతే కచేరీ నుంచి ఇంటికి వచ్చాక కూడా చెవులు గుయ్‌మంటూ, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. చనిపోతే మాత్రం మనిషిలో మళ్లీ పుట్టవు. చెవి నుంచి రావలసిన సంకేతం తగ్గినప్పుడు మెదడు ఆ లోటును పూడ్చుకోవడానికి తన గ్రహణశక్తిని పెంచుకుంటుందని, బయట లేని మోత అందువల్లే వినిపిస్తుందని పరిశోధకులలో ఎక్కువ మంది భావిస్తారు. టినిటస్ అని వైద్యులు పిలిచే ఈ కర్ణనాదాన్ని పూర్తిగా తొలగించే మందు లేదు. నిశ్శబ్దంలో అది పెద్దదవుతుంది కనుక రాత్రిపూట పక్కన ఫ్యాను చప్పుడో, సన్నని వాన శబ్దమో ఉంచుకోవడం, వినికిడి తగ్గినవారు శ్రవణ యంత్రం వాడడం, దానిపై కలిగే భయాన్ని తగ్గించే మానసిక చికిత్స పొందడం వంటి మార్గాలతో రోగులు దానితో సర్దుకుపోవడం నేర్చుకుంటారు.

మోత వినికిడిని దెబ్బతీస్తుందన్నది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 1886లోనే గ్లాస్గో వైద్యుడు థామస్ బార్, రేకులపై సుత్తి దెబ్బల మధ్య పనిచేసే బాయిలరు కార్మికులు వంద మందిని పరీక్షించి వారి వినికిడి ఎంతగా దెబ్బతిన్నదో రాశాడు. అయితే కర్మాగారంలో మోత సరకుతో పాటు వచ్చే చెత్త. కచేరీలో మోతే సరకు. సంగీతాన్ని శబ్దకాలుష్యంగా చూడడానికి చట్టాలు అంతకాలం వెనుకాడడానికి కారణం ఇక్కడే ఉందనుకోవాలి.

అందుచేత మొదటి హెచ్చరిక దెబ్బతిన్న వారి నుంచే రావలసి వచ్చింది. కచేరీ శబ్దంతో వినికిడి దెబ్బతిన్న శాన్‌ఫ్రాన్సిస్కో బేస్ గిటారిస్టు క్యాథీ పెక్, ఒక వైద్యునితో కలిసి 1988లో ‘హియర్’ అనే అవగాహన సంస్థను స్థాపించగా, అప్పటికే కర్ణనాదంతో బాధపడుతున్న టౌన్‌షెండ్ దానికి ఆర్థికసాయం అందించాడు. తన చెవులను వేదిక కన్నా స్టూడియోలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లే ఎక్కువగా పాడుచేశాయని అతడు చెప్పుకోవడం, నేటి ఫోను శ్రోతలకు కూడా వర్తించే మాట. దాదాపు అదే కాలంలో అమెరికాలో సంగీతకారుల కోసం ప్రత్యేక చెవి బిరడాలు వచ్చాయి. సాధారణ స్పాంజి బిరడా సన్నని స్వరాలను ఎక్కువగా మింగి పాటను మసకబారిస్తే, ఇవి అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమంగా 15 డెసిబెల్స్ తగ్గిస్తాయి.

చట్టం మెల్లగా వచ్చింది. బ్రిటన్ 2005లో చేసిన పని ప్రదేశాల శబ్ద నియంత్రణ నిబంధనలు సంగీత, వినోద రంగాలకు 2008 ఏప్రిల్ నుంచి వర్తించాయి గాని, అవి కాపాడేది వాయిద్యకారులను, బార్ సిబ్బందిని మాత్రమే. టికెట్టు కొన్నవారిని కాదు. భారతదేశపు 2000 నాటి నిబంధనలు రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లను నిషేధించి ఇరుగుపొరుగు నిద్రను తలచాయి; బరాత్‌లో డీజే బండి పక్కనే చిందులేసేవారి చెవులు వాటి దృష్టిలో లేవు. శ్రోతల వంతు 2022లో వచ్చింది: వేదికలలో పదిహేను నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకటించింది. ఎనిమిది గంటల పనిదినానికి 85 డెసిబెల్స్‌ను హద్దుగా తీసుకుని, ప్రతి మూడు డెసిబెల్స్‌కు వ్యవధిని సగం చేసే లెక్క ప్రకారం చూస్తే, 100 డెసిబెల్స్ వద్ద కార్మికుని రోజు వాటా పదిహేను నిమిషాల్లోనే తీరిపోతుంది. రెండు గంటల కచేరీ దానికి ఎనిమిది రెట్లు.