చుక్క పెట్టిన చోటు

వలసపాలన మనకు వదిలిపోయిన వాటిని లెక్కించేటప్పుడు రైళ్ళు, కోర్టులు, ఇంగ్లీషు చదువు అంటాం. రెవెన్యూ రికార్డును తలుచుకునేవారు తక్కువ. నా దృష్టిలో ఆ వారసత్వంలో నేటికీ రైతును ఆఫీసుల చుట్టూ తిప్పుతున్నది అదే. అందులోనూ ఒక చుక్క.

1765లో మొగలు ఫర్మానాతో, మరుసటి ఏడు నిజాముతో ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. 1802 పర్మనెంటు సెటిల్‌మెంటుతో, శిస్తు వసూలు చేసే జమీందారు నేలకు యజమాని అయ్యాడు. దున్నేవాడి పేరు కాగితం మీద లేకుండా పోయింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. నీటితో నేలకు ధర, ధరతో తగాదా వచ్చాయి. ఇతరులదని తేలని నేల అంతా సర్కారుదేనని 1905 మద్రాసు భూ ఆక్రమణల చట్టం ప్రకటించింది. అంటే రుజువు భారం దున్నేవాడిది. కాగితం మౌనం వహిస్తే ఆ మౌనం సర్కారు ఖాతాలో జమ.

ఆ మౌనానికి గుర్తే చుక్క. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో, హక్కుదారు ఎవరో తేలని చోట చుక్కలు పెట్టారు. ఎందుకు తేలలేదు? రైతు కరువుకు వలస పోయి ఉండవచ్చు. శిస్తుకు భయపడి ముందుకు రాకపోయి ఉండవచ్చు. కరణానికి గిట్టనివాడై ఉండవచ్చు. చుక్క ఇవేవీ చెప్పదు.

నేరమంతా తెల్లదొర మీద నెట్టి చేతులు దులుపుకోవడం చరిత్ర అనిపించుకోదు. కొలిచింది దొర సర్వే శాఖ అయితే, రాసింది మన కరణం. రాయించుకున్నది ఊళ్ళో పలుకుబడి గల ఆసామి. 1930ల చివర ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతులు యాత్రగా నడిచారు. 1948 చట్టం జమీందారీలను రద్దు చేసింది. 1984లో కరణాల ఉద్యోగాలే పోయాయి. రిజిస్టరు మాత్రం పోలేదు. 2016లో స్వతంత్ర ప్రభుత్వమే చుక్కల భూములను 22-ఎ నిషేధిత జాబితాకు ఎక్కించింది. తాతల నాటి నుంచి సాగు చేస్తున్నవాడికి పిల్ల పెళ్ళికి అరెకరం అమ్ముకునే దారి మూసుకుపోయింది. 12 ఏళ్ళ అనుభవం చూపితే హక్కు ఇస్తామన్నది 2017 చట్టం. చూపవలసినవాడు మళ్ళీ రైతే! 2023లో 2 లక్షల ఎకరాలకు పైగా జాబితా నుంచి తప్పించారు. ఊరట నిజమే, కాని సూత్రం మారలేదు. 2022లో చేసి 2024లో రద్దు చేసిన భూహక్కుల చట్టం మీద అంత భయం పుట్టిందీ ఇందుకే. సివిలు కోర్టుకు పోకముందే అధికారి బల్ల దగ్గర తన హక్కు తేలిపోతుందేమోనని రైతు బెదిరాడు.

ఇది పల్లెల గొడవ, పట్నానికి పట్టదనుకోవద్దు. 1960లలో బెజవాడ అంచున ఆటోనగర్ వెలిసింది. ఆ చుట్టుపక్కల పటమట, కానూరు పొలాలు ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కకు మారాయి. అక్కడ లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఇంటి దస్తావేజు విప్పి చూడండి, "ఆర్.ఎస్. నంబరు" అని ఉంటుంది. రీసర్వే నంబరన్నమాట. షెడ్లు లేచినా, రోడ్లు పడినా, కింద ఉన్నది ఆ పాత కొలతే.

తెలుగు పాఠం చెప్పేవాడిగా నన్ను మరో సంగతి ఆలోచింపజేస్తుంది. "పోరంబోకు" అరవం నుంచి మద్రాసు రికార్డుల ద్వారా మనకు వచ్చిన మాట. శిస్తు లెక్కకు బయట ఉంచిన నేల అని దాని అర్థం: చెరువు, శ్మశానం, బాట, పశువుల బీడు. అంటే ఊరందరిదీ అయిన నేల! శిస్తు రానిది కనుక పాలకుడి లెక్కలో బయటిది. ఆ మాటే మన నోట తిట్టయింది. ఆస్తి లేనివాణ్ణి పోరంబోకు అంటున్నాం. పాలకుడి లెక్కలు జనం భాషలోకి ఎంత లోతుగా దిగుతాయో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

కనుక రైతును గురించి రాసేవారు అడంగలు చదవడం నేర్చుకోవాలి. కరువూ, అప్పూ, వడ్డీ మన కథల్లో చాలానే వచ్చాయి. సొంత నేల తనదని నిరూపించుకోలేని మనిషి అంతగా రాలేదు. చుక్కలు కొన్ని చెరిగిపోయాయి. రుజువు చేయవలసింది దున్నేవాడా, సర్కారా అన్న ప్రశ్న చెరగలేదు. ఆ ప్రశ్నను అడగవలసిన వాళ్ళలో రచయితలూ ఉన్నారు.