మోటారు సైకిలుకు ఇంటివద్ద ఏ స్టాండు మేలు?

కోయంబత్తూరు తెలుగువారైన జి.డి. నాయుడు (1893–1974) యౌవనంలో ఒక రడ్జ్ మోటారు సైకిలును కొని, విడివిడిగా విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చుకొన్నారు. నేడు కోయంబత్తూరు, మదురైలలో మన ఇండ్ల ముంగిట చైను శుభ్రపరచడం వంటి పనులు స్వయంగా చేసుకోదలచినవారు ముందుగా ఆలోచించవలసినది, బండిని దేనిపై నిలపాలి అన్నదే.

సెంటర్ స్టాండు ఉన్న బండికి ఈ పనులకు మరొకటి అక్కరలేదు. వెనుక చక్రం నేలను వీడి తిరుగుతుంది. అది లేని బండికి, వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ కింద ఆనించి ఎత్తే ప్యాడాక్ స్టాండు తగినది. దాని వెడల్పు సర్దుబాటుకు వీలుండాలి. 350 సి.సి. బుల్లెట్ బరువే సుమారు 190 కిలోలు. కనుక స్టాండు మోయగల బరువును చూచి కొనాలి.

కారు జాకీ ఇరుకైనది, బండి పక్కకు ఒరుగుతుంది. ఇంజను అడుగున ఫ్రేము లేని బండికి జాకీ మోపితే ఇంజను పగులవచ్చు.

స్టాండును గట్టి, సమతలమైన గచ్చుపైనే వేయాలి. చైను తుడిచేటప్పుడు ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేతితోనే తిప్పాలి. నడుస్తున్న చైనులో గుడ్డ చిక్కితే వ్రేళ్లు తెగిపోతాయి.