చేతి గడియారమా, స్మార్ట్ వాచా: ఏ పనికి ఏది?

స్మార్ట్ వాచ్‌ల అమ్మకాల సంఖ్యలో 2022 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో భారతదేశం ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరింది. రెండేళ్లు గడిచేసరికి పరిస్థితి తారుమారైంది. 2024లో దేశీయ విపణికి చేరిన స్మార్ట్ వాచ్‌ల సంఖ్య అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు మూడో వంతు తగ్గినట్లు విపణి పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కగట్టింది. మొదటిది కొన్నవారిలో చాలామంది రెండోదాని జోలికి పోకపోవడం ఈ తగ్గుదలకు ఒక ముఖ్య కారణం. రెండు వేల రూపాయల లోపు ధరకు దొరికిన వస్తువు కొన్ని నెలలకే సొరుగులోకి చేరితే దాని ప్రయోజనంపై అనుమానం తలెత్తడం సహజమే.

అయితే ‘స్మార్ట్ వాచ్ మేలా, మామూలు గడియారం మేలా’ అని అడిగితే సరైన సమాధానం దొరకదు. ఈ రెండూ ఒకే వస్తువుకు పాత, కొత్త రూపాలు కావు. ఒకటి సమయం చెబుతుంది. రెండోది సమయంతో పాటు, ధరించిన మనిషి శరీరం గురించి రోజంతా అంకెలు చెబుతూ ఉంటుంది. ఆ అంకెలన్నీ ఒకే తెరపై, ఒకే తరహా అక్షరాల్లో కనిపిస్తాయి కాబట్టి అన్నీ ఒకే స్థాయిలో నమ్మదగినవన్న భ్రమ కలుగుతుంది. నిజానికి వాటిలో కొన్ని కొలతలు, కొన్ని అంచనాలు, మరికొన్ని వట్టి ఊహలు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారి విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చే తేడా.

సమయం చెప్పడంలో

గడియారం అన్న మాటలో ఉన్న గడియ 24 నిమిషాల కాలం. రోజుకు 60 గడియలు. అంత పెద్ద కొలమానంతో గడిచిపోయిన బతుకుల్లోకి సెకన్ల ముల్లు వచ్చి ఎంతో కాలం కాలేదు. కీ ఇచ్చే గడియారంలో చుట్టిన స్ప్రింగు విడివడుతూ శక్తినిస్తుంది. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ శక్తిని సమాన భాగాలుగా తుంచుతుంది. పాత తరహా యంత్రాల్లో ఈ చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదు సార్లు కొట్టుకుంటుంది. ఉష్ణోగ్రత, నూనె చిక్కదనం, గడియారం ఉన్న భంగిమ కూడా దాని నడకను మారుస్తాయి. రోజుకు కొన్ని సెకన్ల తేడా తప్పదు. స్విట్జర్లాండ్‌లో అధికారిక క్రోనోమీటర్ ధ్రువీకరణకు కూడా సగటున రోజుకు 6 సెకన్ల వరకు ముందుకు, 4 సెకన్ల వరకు వెనక్కు నడవడాన్ని అనుమతిస్తారు.

జపాన్ సంస్థ సీకో 1969 డిసెంబరు 25న తొలి క్వార్ట్జ్ చేతి గడియారం ఆస్ట్రాన్‌ను విక్రయానికి తేవడంతో ఈ లెక్క మారిపోయింది. తర్వాతి కాలంలో స్థిరపడిన క్వార్ట్జ్ గడియారాల్లో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరుసగా పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. లోపలి వలయం చేసే పని అదే. ఫలితంగా తేడా నెలకు పదిహేను సెకన్ల ప్రాంతానికి తగ్గింది. స్మార్ట్ వాచ్‌లో కూడా ఇటువంటి స్ఫటికమే ఉంటుంది. కాకపోతే ఫోను ద్వారా తన సమయాన్ని తరచూ సరిచేసుకుంటుంది కనుక తేడా పోగుపడదు.

కచ్చితత్వం ఒక్కటే కొలబద్ద అయితే స్మార్ట్ వాచ్‌దే పైచేయి. కానీ బస్సుకో, బడికో, వంటకో ఆ కచ్చితత్వంతో పని లేదు. పైగా క్వార్ట్జ్ గడియారపు చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లు నడుస్తుంది. రంగుల తెరతో వచ్చే స్మార్ట్ వాచ్‌లను కొన్నింటిని రోజూ, కొన్నింటిని వారానికో రెండు వారాలకో చార్జింగ్ పెట్టాలి. చార్జింగ్ అయిపోయిన గడియారం సమయం కూడా చెప్పదన్నది కొనేముందు ఎవరికీ గుర్తుకురాని సంగతి.

ఎంతకాలం నిలుస్తుంది

హెచ్‌ఎంటీ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాల తయారీ ప్రారంభించింది. హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో గడియారాలు చేసింది. టాటా సంస్థలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి నెలకొల్పిన టైటన్ 1980లలో హొసూరు నుంచి క్వార్ట్జ్ గడియారాలతో రంగంలోకి దిగింది. ఆల్విన్ పేరు విపణి నుంచి కనుమరుగైంది. హెచ్‌ఎంటీ గడియారాల విభాగం మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయినా హెచ్‌ఎంటీ జనతా గడియారాలు నేటికీ చేతులపై నడుస్తున్నాయి. కర్మాగారం పోయినా గడియారం పోలేదు. శుభ్రం చేసి, నూనె వేసి, అరిగిన చక్రాన్ని మరో పాత గడియారం నుంచి తీసి బిగించగల మనిషి ఉంటే చాలు.

స్మార్ట్ వాచ్‌కు ఈ వెసులుబాటు లేదు. పెబుల్ ఉదంతమే ఇందుకు తార్కాణం. 2012లో కిక్‌స్టార్టర్ వేదికపై ప్రజల నుంచి కోటి డాలర్లకు పైగా సమీకరించి ఆ సంస్థ సంచలనం సృష్టించింది. 2016 డిసెంబరులో మూతపడింది. దాని సాఫ్ట్‌వేర్ ఆస్తులను కొన్న ఫిట్‌బిట్ 2018 జూన్ 30 తర్వాత సేవలను నిలిపివేసింది. చేతికి ఉన్న యంత్రంలో ఏ లోపమూ లేదు. దాన్ని నడిపించే సర్వర్లే ఆగిపోయాయి. రెబుల్ పేరిట కొందరు ఔత్సాహికులు సొంతంగా సర్వర్లు ఏర్పాటు చేసి వాటికి ఊపిరి పోశారు. పెబుల్ సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ బహిరంగపరచినది 2025 జనవరిలో. అంతటి అభిమానగణం లేని చౌక రకాలకు ఆ పాటి అదృష్టం కూడా దక్కదు. యాప్ ఆగిపోతే సమాచారం పోతుంది. అతికించిన లిథియం బ్యాటరీ శక్తి తగ్గితే, మార్పించే ఖర్చు కొత్తదాని ధరకు చేరువవుతుంది.

శరీరం గురించి చెప్పే అంకెలు

స్మార్ట్ వాచ్ అడుగున వెలిగే పచ్చని దీపం అలంకారం కాదు. రక్తం పచ్చని కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు రక్తనాళాల్లో రక్తం పెరుగుతుంది, తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కించి గడియారం నాడి వేగం చెబుతుంది. ఇది కొలతే. మనిషి నిశ్చలంగా ఉండి, పట్టీ బిగుతుగా ఉంటే నమ్మదగిన కొలత. చేయి ఊగుతున్నా, పట్టీ వదులైనా, చలికి చర్మంలో రక్తప్రసరణ తగ్గినా, మణికట్టుపై పచ్చబొట్టు ఉన్నా తప్పుదారి పట్టవచ్చు. నాసిరకం గడియారాన్ని చుట్టిపెట్టిన తువ్వాలుకు కట్టినా ఒక్కోసారి నాడి చూపడం ఈ కారణంగానే. కొన్నవారు ఇంట్లోనే చేసి చూడదగిన పరీక్ష ఇది.

నాడి లయలోని అపక్రమాన్ని పసిగట్టడం స్మార్ట్ వాచ్ సాధించిన అసలైన ప్రగతి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే స్థితిలో గుండె పైగదులు లయ తప్పి కంపిస్తాయి. రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఇది వస్తూ పోతూ ఉంటుంది కనుక వైద్యుడి దగ్గర ఉన్న పది నిమిషాల్లో కనిపించకపోవచ్చు. రోజంతా చేతికి ఉండే వస్తువుకు అక్కడే విలువ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో 4,19,297 మందిపై ఆపిల్ వాచ్‌తో జరిపిన అధ్యయనం 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. నాడి లయ తప్పిందన్న హెచ్చరిక అందుకున్నవారు 2,161 మంది, అంటే 0.52 శాతం. వారిలో ఛాతీకి అతికించే ఈసీజీ పట్టీని ధరించి విశ్లేషణకు పనికివచ్చేలా తిప్పిపంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నట్లు తేలింది. మిగిలినవారివన్నీ తప్పుడు హెచ్చరికలని దీని అర్థం కాదు. హెచ్చరిక వచ్చిన రోజుకూ, పట్టీ ధరించిన రోజుకూ మధ్య ఆ స్థితి తొలగి ఉండవచ్చు. అదేవిధంగా, హెచ్చరిక రానంత మాత్రాన గుండె భద్రంగా ఉందనీ అనుకోరాదు.

ఆపిల్ 2018లో తెచ్చిన, ఆ తర్వాత ఇతర సంస్థలు కూడా అందిస్తున్న ఈసీజీ సదుపాయం ఒకే కోణం నుంచి గుండె విద్యుత్ స్పందనను నమోదు చేస్తుంది. ఆస్పత్రిలో పన్నెండు కోణాల నుంచి చూస్తారు. గుండెపోటును తమ గడియారం గుర్తించలేదని ఆపిల్ స్వయంగా చెబుతోంది. ఛాతీలో నొప్పి ఉన్నప్పుడు గడియారం వంక చూస్తూ కూర్చోవడం విలువైన నిమిషాలను పోగొట్టుకోవడమే.

రక్తంలో ఆక్సిజన్ శాతం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వేలికి తగిలించే పరికరంలో ఎరుపు, పరారుణ కాంతులు వేలు గుండా అవతలికి ప్రసరిస్తాయి. మణికట్టు దగ్గర వెనక్కి వచ్చిన కాంతిపైనే ఆధారపడాలి. ఆస్పత్రుల్లో వాడే పరికరాలే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు గుర్తించలేకపోయాయని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు వెల్లడించారు. చర్మపు రంగు ఎన్నో ఛాయల్లో ఉండే భారతదేశంలో ఈ హెచ్చరికను విస్మరించలేం.

కేలరీల లెక్క పూర్తిగా అంచనా. ఏడు రకాల పరికరాలను అరవై మందిపై పరీక్షించిన స్టాన్‌ఫర్డ్ బృందం 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నాడి వేగంలో ఆరు పరికరాల తేడా 5 శాతంలోపే ఉంది. ఖర్చయిన శక్తి విషయంలో అన్నింటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నింటికన్నా అధ్వానమైనది 93 శాతం. నడిచాం కదా అని గడియారం చూపిన కేలరీలకు సరిపడా మిఠాయి తినేవారు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి. రోజుకు పదివేల అడుగులన్న లక్ష్యం కూడా వైద్యశాస్త్రంలో పుట్టినది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్కింపు పరికరం పేరు నుంచి అది వ్యాప్తిలోకి వచ్చింది. సగటున 72 ఏళ్ల వయసున్న మహిళలపై 2019లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 4,400 అడుగుల దగ్గరే మేలు కనిపించింది, 7,500 దాటాక అదనపు ప్రయోజనం దాదాపు ఆగిపోయింది.

బరువు తగ్గడానికి ఈ పరికరాలు సాయపడతాయన్న నమ్మకాన్ని 2016లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ అధ్యయనం కుదిపింది. 18 నుంచి 35 ఏళ్ల వయసున్న 471 మందికి ఆహార, వ్యాయామ సలహాలు ఇచ్చి, కొందరికి మాత్రమే కార్యకలాపాలు నమోదు చేసే పరికరాలు ఇచ్చారు. రెండేళ్లకు పరికరం ఉన్నవారు సగటున 3.5 కిలోలు తగ్గితే, లేనివారు 5.9 కిలోలు తగ్గారు.

ప్రమాదం ఎక్కడ

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. రక్తపోటు 35.5 శాతం మందిలో కనిపించింది. సూది గుచ్చకుండానే చక్కెర చెబుతామన్న ప్రకటనలు గురిపెట్టేది వీరినే. చర్మాన్ని గుచ్చకుండా రక్తంలో చక్కెరను తనంతట తానే కొలిచే ఏ స్మార్ట్ వాచ్‌కూ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, అటువంటివాటిని వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువగా తీసుకుంటే చక్కెర స్థాయి ప్రమాదకరంగా పడిపోయి, గంటల్లోనే స్పృహ తప్పడం, ప్రాణం పోవడం జరగవచ్చు. చేతికో పొట్టకో అతికించి, చర్మం కిందికి సన్నని తీగను పంపే గ్లూకోజ్ సెన్సర్ల సంగతి వేరు. అక్కడ కొలిచేది ఆ సెన్సర్, గడియారం ఫలితాన్ని చూపే తెర మాత్రమే.

రక్తపోటు అంకెలదీ ఇంచుమించు ఇదే కథ. ఈ సదుపాయాన్ని అందిస్తున్న శాంసంగ్ 28 రోజులకొకసారి చేతికి చుట్టే మామూలు బీపీ యంత్రంతో సరిచూసి నమోదు చేయాలని నిబంధన పెట్టింది. అటువంటి సరిచూపు ఏదీ అడగకుండానే పై అంకె, కింది అంకె చూపే చౌక గడియారం దాన్ని ఎక్కడి నుంచి తెస్తోందన్నది కొనుగోలుదారు అడగవలసిన ప్రశ్న. దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. ‘ఇది వైద్య పరికరం కాదు’ అని పెట్టెపై సన్నని అక్షరాల్లో ముద్రించడం వెనుక ఉన్న మర్మం అదే. పెద్ద అక్షరాల్లో ఇచ్చిన హామీని చిన్న అక్షరాలు వెనక్కి తీసుకుంటాయి.

ఎవరికి పనికివస్తుంది

ఒంటరిగా ఉండే వృద్ధులకు పడిపోతే గుర్తించే సదుపాయం నిజంగా ఉపయోగపడుతుంది. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో దీని అవసరం మరీ ఎక్కువ. పడిన మనిషి కొంతసేపు కదలకపోతే మంచి రకం గడియారాలు ముందుగా ఇచ్చిన నంబర్లకు సమాచారం పంపుతాయి. అయితే స్నానాల గదిలోకి వెళ్లేటప్పుడు తీసి పక్కన పెట్టేవారికి, చార్జింగ్ పెట్టడం మరచిపోయేవారికి ఆ సదుపాయం ఉన్నా లేనట్లే. వినికిడి లోపం ఉన్నవారికి మణికట్టుపై ప్రకంపన రూపంలో అందే పిలుపు విలువైనది. పరుగు సాధన చేసేవారికి దూరం, వేగం, నాడి ఒకేచోట కనిపించడం సౌకర్యం. ఫోనుకు వచ్చే ప్రతి సందేశానికీ చేయి అదిరిపడటం మాత్రం చాలామందికి సౌకర్యం కన్నా చికాకే.

ఆంగ్లంలో ‘వాచ్’ అంటే కాపలా కాయడం, కనిపెట్టి చూడటం అనే అర్థాలు కూడా ఉన్నాయి. పాత గడియారాన్ని మనిషి చూసేవాడు, కొత్తది మనిషిని చూస్తోంది. వ్యాయామ యాప్ స్ట్రావా ప్రచురించిన ప్రపంచ పటంలో అఫ్గానిస్థాన్, సిరియాల్లోని సైనిక స్థావరాల జాడలు సైనికుల పరుగుల గీతల రూపంలో బయటపడినట్లు 2018 జనవరిలో వెల్లడైంది. నిద్ర, నాడి, నడిచే దారి నమోదయ్యే సమాచారం ఏ దేశంలోని సర్వర్లకు చేరుతోందో చౌక గడియారాల యాప్‌లు స్పష్టంగా చెప్పవు. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమాచారం సేకరించే ముందు దేనికోసమో తెలిపి సమ్మతి తీసుకోవాలి, సమ్మతిని ఉపసంహరించుకునే హక్కు కూడా వినియోగదారుకు ఉంది. గడియారాన్ని ఇతరులకు ఇచ్చేముందు, అమ్మేముందు ఖాతాను తొలగించి, అందులోని సమాచారాన్ని చెరిపివేయడం మరువరాదు.

ఈ నిఘా శక్తి వల్ల నష్టపోయినవాటిలో మామూలు గడియారం కూడా ఉంది. వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు హాజరయ్యే అభ్యర్థులు ఏ రకం చేతి గడియారమూ ధరించరాదు. కెమెరా, సందేశాలు దాచగల గడియారాలు వచ్చాక, ఏది ఏదో గుమ్మం దగ్గర తేల్చడం కన్నా అన్నింటినీ నిషేధించడమే నిర్వాహకులకు తేలికైంది. కంప్యూటర్‌పై జరిగే జేఈఈ మెయిన్‌లో మిగిలిన సమయం తెరపైనే కనిపిస్తుంది.