ఎలిమినేటి మాధవరెడ్డి

అప్పటి నల్లగొండ జిల్లా భువనగిరి నుంచి వరుసగా నాలుగుసార్లు శాసనసభకు గెలిచిన తెలుగుదేశం నాయకుడు ఎలిమినేటి మాధవరెడ్డి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హోంమంత్రిగా, ఆ తర్వాత పంచాయతీరాజ్ మంత్రిగా పనిచేశారు. 2000 మార్చి 7న సికింద్రాబాద్‌కు తూర్పున ఘట్‌కేసర్ దగ్గర పీపుల్స్ వార్ నక్సలైట్లు పేల్చిన మందుపాతరకు బలయ్యారు.

ఆయన సొంత నేల భువనగిరిది కూడా ఆ దారే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు మౌలాలి, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి భువనగిరి చేరుతుంది. ఒంటిరాయి గుట్ట మీది కోట రైలు కిటికీలోంచే కనిపిస్తుంది. చాళుక్య త్రిభువనమల్లుడి పేరుతో ముడిపడిన ఆ కోట తర్వాతి శతాబ్దాల్లో చాలా చేతులు మారింది. 1944లో ఇక్కడ జరిగిన పదకొండవ మహాసభతోనే, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. సభకు అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డిది ఈ ప్రాంతంలోనిదే అయిన బొల్లేపల్లి. 1952 ఎన్నికల్లో ఆయన నల్లగొండ లోక్‌సభ స్థానంలో గెలిచి, వేరే చోట గెలిచిన నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు, భువనగిరి శాసనసభ స్థానమూ గెలిచారు. తెలంగాణ సాయుధ పోరాటం జ్ఞాపకం ఇంకా ఆరని ఆ నేలమీదే, భువనగిరి దగ్గరి వడపర్తిలో మాధవరెడ్డి పెరిగారు.

1985లో తొలిసారి గెలిచారు. 1989లో రాష్ట్రమంతటా కాంగ్రెస్ గాలి వీచినా భువనగిరి ఆయన్ను వదులుకోలేదు. 1994లోనూ, 1999లోనూ అంతే.

చంద్రబాబు నాయుడు మంత్రివర్గంలో హోం శాఖ ఆయనకు దక్కింది. అవి తెలంగాణ పల్లెలు రెండు తుపాకుల మధ్య నలిగిన ఏళ్లు. కొండపల్లి సీతారామయ్య 1980లో స్థాపించిన పీపుల్స్ వార్ మీద నిషేధాన్ని ప్రభుత్వం 1996 జూలైలో మళ్లీ విధించింది. ఎన్‌కౌంటర్లు పెరిగాయి. మరోవైపు ఇన్ఫార్మర్లన్న ముద్ర వేసి నక్సలైట్లు చేసిన హత్యలూ పెరిగాయి. 1999 ఏప్రిల్ 13న మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావును వారు కాల్చి చంపారు. అదే ఏడాది మే నెలలో భువనగిరి తెలంగాణ గాయని బెల్లి లలిత దారుణ హత్యకు గురైంది. హోంమంత్రి సొంత నియోజకవర్గంలో జరిగిన ఆ ఘాతుకం మీద ప్రజాసంఘాలు ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీశాయి. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక ఇరుపక్షాలనూ హింస మానమని ఓపికగా కోరుతూ వచ్చింది. ఆ కాలంలో వినదగిన గొంతు అదే.

1999 ఎన్నికల తర్వాత హోం శాఖ తూళ్ల దేవేందర్ గౌడ్‌కు వెళ్లింది, మాధవరెడ్డికి పంచాయతీరాజ్ ఇచ్చారు. శాఖ మారినా నక్సలైట్లతో లెక్క మిగిలే ఉంది. డిసెంబర్ 2న కరీంనగర్ జిల్లా కొయ్యూరు అడవుల్లో పీపుల్స్ వార్ కేంద్ర కమిటీ సభ్యులు నల్లా ఆదిరెడ్డి, ఎర్రంరెడ్డి సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. బెంగళూరులో పట్టుకుని తెచ్చి చంపారని పార్టీ ఆరోపించింది, ప్రతీకారం ప్రకటించింది.

మూడు నెలలు గడిచాక ఘట్‌కేసర్ దగ్గర వరంగల్ రహదారి మీద ఆ ప్రతీకారం తీరింది. మందుపాతర పద్ధతి అడవి దళాలకు కొత్త కాదు. రోడ్డు కింద గానీ పక్కన గానీ పేలుడు పదార్థం దాచి, తీగను మట్టి కప్పి దూరంగా పొదల్లోకి లాగుతారు. చివర ఒక మనిషి కూర్చుంటాడు. కెమెరా ఫ్లాష్ పాటి కరెంటు చాలు. వాహనం గుర్తు దాటే క్షణం కోసం చూస్తాడు. అడవిలో పోలీసు జీపుల కోసం వాడిన ఈ పన్నాగం జంట నగరాల గుమ్మంలోకి వచ్చింది. పదవిలో ఉన్న మంత్రిని అది ఆయన సొంత ఊరి దారిలోనే బలి తీసుకుంది. నాయకులు వెళ్లే దారిలో ముందే కల్వర్టులు దిగి తనిఖీ చేసే రోడ్ ఓపెనింగ్ పార్టీ అన్న మాట జనం నోళ్లలో నలిగింది ఇలాంటి దాడుల వల్లే. 2003 అక్టోబర్ 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి మీదే క్లేమోర్ మందుపాతరలు పేలాయి. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు.

భర్త పోయిన దుఃఖంలోనే ఉమా మాధవరెడ్డి ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు. మంత్రిగానూ పనిచేశారు. 2004, 2009 ఎన్నికల్లోనూ భువనగిరి ఆమెదే. 2014లో ఓడిపోయారు. 2017లో కొడుకు సందీప్‌రెడ్డితో కలిసి తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరారు.

శ్రీశైలం ఎడమగట్టు కాలువ పథకానికి ప్రభుత్వం మాధవరెడ్డి పేరు పెట్టింది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర పంపులు కృష్ణా నీటిని అక్కంపల్లి జలాశయానికి ఎత్తిపోస్తాయి. ఆ నీరు నల్లగొండ పొలాలకు, ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన పల్లెల బిందెలకు పోతుంది. కొంత కోదండాపూర్‌లో శుద్ధి అయి జంట నగరాల కుళాయిలకు చేరుతుంది. పంపుల అవసరం లేకుండా శ్రీశైలం నుంచి నేరుగా నీరు తేవాలని తలపెట్టిన సుమారు 44 కిలోమీటర్ల సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు.