ఊరకుక్క

ఊరకుక్క అనగా ఏ ప్రత్యేక జాతికీ చెందక, పల్లెలలోను పట్టణాలలోను మనుషుల ఇళ్ళ చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతూ జీవించే కుక్క. దీనిని వీధికుక్క, గ్రామసింహం అని కూడా అంటారు. శాస్త్రీయ నామం కానిస్ లూపస్ ఫెమిలియారిస్. కుక్క అనగానే గొలుసు కట్టి ఇంట్లో పెంచే జంతువు గుర్తుకు వచ్చినా, ప్రపంచంలోని కుక్కలలో సుమారు నాలుగింట మూడు వంతులు ఇలా స్వేచ్ఛగా తిరిగేవేనని అంచనా. 2019 పశుగణన ప్రకారం భారతదేశంలో సుమారు 1.53 కోట్ల వీధికుక్కలు ఉన్నాయి.

పేర్లు

సంస్కృతంలో కుక్కకు శునకం, శ్వానం, కుక్కురం అనే పేర్లు ఉన్నాయి. తెలుగులో జాగిలం అంటే వేటకుక్క. నేటి వార్తాపత్రికలు ఈ మాటను పోలీసు కుక్కలకు వాడుతున్నాయి. తమిళంలో కుక్కను నాయ్ అని, కన్నడంలో నాయి అని అంటారు. మూడు భాషలు కలిసే కుప్పం, బైరెడ్డిపల్లె ప్రాంతాలలో ఈ పేర్లన్నీ వినిపిస్తాయి.

పుట్టుక

కుక్క తోడేలు నుండి పుట్టినది. మనిషి మచ్చిక చేసిన జంతువులలో ఇదే మొదటిది. ఆవు, మేక, గొర్రెల కంటే ముందుగా, వ్యవసాయం ఇంకా మొదలుకాని కాలంలోనే, అంటే కనీసం 15,000 సంవత్సరాల క్రితమే ఇది మనిషి చెంతకు చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. జర్మనీలోని బాన్ నగరం వద్ద 14,000 ఏళ్ళ నాటి సమాధిలో ఇద్దరు మనుషులతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు దొరికాయి. ఆ పిల్ల జబ్బుపడి కొన్ని వారాలు బ్రతికినట్లు దాని పళ్ళను బట్టి తెలిసింది. ఎవరో సాకకపోతే అది అన్నాళ్ళు బ్రతికే అవకాశం లేదు.

ఆహారం

కుక్క మాంసాహార జంతువుల వర్గానికి చెందినదైనా ధాన్యాన్ని బాగా జీర్ణం చేసుకోగలదు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ అనే రసాయనాన్ని తయారుచేసే జన్యువు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులే ఉంటుంది. చాలా కుక్కలలో నాలుగు నుండి ముప్ఫై వరకు ప్రతులు ఉంటాయని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వ్యవసాయం ఎరుగని ధ్రువప్రాంతపు కుక్కలలో ఈ ప్రతులు తక్కువగాను, ధాన్యం పండించే ప్రాంతాల కుక్కలలో ఎక్కువగాను ఉన్నాయి. రాగులు ప్రధానాహారమైన చిత్తూరు సీమ పడమటి పల్లెలలో మిగిలిన రాగి సంగటి ముద్దతో ఊరకుక్క బ్రతకగలగడానికి కారణం ఇదే. మనిషి తిండి మారినప్పుడు అతని వెంట కుక్క శరీరం కూడా మారింది.

జ్ఞానేంద్రియాలు

కుక్క లోకాన్ని ముఖ్యంగా వాసనతో తెలుసుకుంటుంది. మనిషి ముక్కులో వాసనను గుర్తించే కణాలు సుమారు 50-60 లక్షలు ఉండగా, కుక్కలో అవి పది కోట్లకు పైగా ఉంటాయి. కుక్కకు రంగులు అసలే కనిపించవన్నది అపోహ. నీలం, పసుపు రంగులను అది గుర్తించగలదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరుచేయలేదు.

మనిషితో అనుబంధం

కుక్క, దాని యజమాని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుందని జపాను శాస్త్రజ్ఞులు 2015లో కనుగొన్నారు. తల్లీబిడ్డల మధ్య మమకారానికి తోడ్పడే హార్మోను ఇదే.

కోల్‌కతాలోని భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు వీధికుక్కలపై అనేక పరిశోధనలు చేశారు. ఏ శిక్షణా లేని ఈ కుక్కలకు వేలు చూపి గిన్నెను సూచించినప్పుడు, చాలా కుక్కలు భయంతో దగ్గరకు రాలేదు. దగ్గరకు వచ్చిన వాటిలో సుమారు 80 శాతం చూపించిన గిన్నె వైపే వెళ్ళాయి. అదే బృందం 364 కుక్కపిల్లలను గమనించగా, ఏడు నెలల వయసు వరకు బ్రతికినవి 19 శాతం మాత్రమే. మరణాలలో దాదాపు మూడింట రెండు వంతులకు మనుషులే కారణం. వాహనాల కింద పడడం, విషం పెట్టడం, కొట్టడం వీటిలో కొన్ని.

వీరగల్లులలో, పురాణాలలో

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో బాణ, వైదుంబ, నొలంబ రాజుల కాలపు వీరగల్లులు అనేకం ఉన్నాయి. ఊరి కోసం, పశువుల కోసం పోరాడి మరణించినవారికి నిలిపిన రాళ్ళివి. పొరుగు రాష్ట్రాలలో కుక్కలకు కూడా ఈ గౌరవం దక్కింది. తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలపు (7వ శతాబ్దం) వీరగల్లు ఉన్నది. అందులో వీరునితో పాటు అతని కుక్క బొమ్మ చెక్కి ఉన్నది. కోవివన్ అనే ఆ కుక్క ఇద్దరు దొంగలను కరిచినట్లు శాసనం చెబుతున్నది.

కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరు శాసనం సా.శ. 949-50 నాటిది. చోళులతో తక్కోలం వద్ద జరిగిన యుద్ధంలో చూపిన పరాక్రమానికి మెచ్చి ఏమి కావాలో కోరుకొమ్మని గంగరాజు బూతుగుడు అడుగగా, మణలేరుడు అనే వీరుడు కాళి అనే వేటకుక్కను కోరుకున్నాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడి దానిని చంపి తానూ మరణించింది. మణలేరుడు దాని పేర రాయి నిలిపి భూమిని దానమిచ్చాడు. ఈ శిల బెంగళూరు ప్రభుత్వ సంగ్రహాలయంలో ఉన్నది.

నన్నయ భారతం ఆదిపర్వం ఆరంభంలోనే సరమ అనే దేవశునకం తన బిడ్డను అకారణంగా కొట్టారని జనమేజయుని నిలదీస్తుంది. మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. ఈ విధంగా భారతకథ ఆదిలోను, చివరిలోను కుక్క కనిపిస్తుంది. కుక్క కాలభైరవుని వాహనం. మైలారుదేవుని (మల్లన్న) వెంట కూడా కుక్క ఉంటుంది.

అడవి అంచున

పలమనేరు, కుప్పం అడవులలో విస్తరించిన కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. 1980లలో పొరుగు రాష్ట్రాల నుండి ఇక్కడికి ఏనుగులు వలస వచ్చాయి. అడవి అంచు పొలాలలో రాత్రి కావలి ఉండే రైతుకు కుక్క అరుపు తొలి హెచ్చరిక. ఏనుగును కుక్క ఆపలేదు కాని, మనిషి నిద్ర లేచి ప్రక్కకు తప్పుకోవడానికి సమయం ఇస్తుంది. గొర్రెల మందలకు కూడా కుక్కే కాపలా. అయితే చిరుతపులికి కుక్క ఇష్టమైన ఆహారం. మహారాష్ట్రలోని అకోలె ప్రాంతంలో చిరుతలు తిన్న ఆహారంలో బరువును బట్టి 39 శాతం కుక్కలేనని ఒక పరిశోధనలో తేలింది. అందువలన కుక్కలు ఎక్కువగా ఉన్న ఊరికి చిరుత రావడానికి అవకాశం ఎక్కువ.

తెలుగునాట దేశీ జాతులు

* జోనంగి: కొల్లేరు పరిసరాలలోని కుక్క. బాతుల మందలను కాయడానికి వాడతారు. సాధారణ కుక్కల వలె మొరగక ఊళ వంటి శబ్దం చేస్తుంది.
* పందికోన: కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలోని పందికోన గ్రామం పేరు మీద ప్రసిద్ధి. వేటకు, కాపలాకు పేరుపొందినది.

రేబీస్

కుక్కతో సహజీవనంలో అతిపెద్ద ప్రమాదం రేబీస్. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధితో మరణిస్తున్నారని అంచనా. అందులో మూడోవంతుకు పైగా భారతదేశంలోనే. మృతులలో నూటికి 40 మంది 15 ఏళ్ళ లోపు పిల్లలు. లక్షణాలు కనిపించిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. కాని సకాలంలో టీకా వేయించుకుంటే ఈ మరణాన్ని తప్పించుకోవచ్చు.

కుక్క కరిచినప్పుడు:
* గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి.
* సున్నం, కారం, పసరు పూయరాదు. కట్టు కట్టరాదు.
* అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కండరానికి వేసే టీకా 0, 3, 7, 14, 28 రోజులలోను, చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజులలోను ఇస్తారు.
* రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అనే భయం నేటికీ పల్లెలలో ఉన్నది. అవి 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో రూపొందించిన, గొర్రె మెదడు నుండి తయారయ్యే టీకాకు సంబంధించినవి. భారతదేశంలో 2005 నాటికి దీని వాడకం ఆగిపోయింది. నేటి టీకాను చేతికి వేస్తారు. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకాలు వేస్తే వాటిలో రేబీస్ వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

రాబందులతో సంబంధం

1990లలో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వలన దేశంలో రాబందులు దాదాపు అంతరించాయి. చనిపోయిన పశువులను తినే పక్షులు లేకపోవడంతో ఆ ఆహారం కుక్కలకు దక్కి వాటి సంఖ్య పెరిగింది. ఈ మందును పశువులకు వాడడాన్ని 2006లో నిషేధించారు.

చట్టం

జంతు జనన నియంత్రణ నియమాలు 2001లో వచ్చాయి. వీటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వచ్చాయి. వీధికుక్కలను పట్టి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, తిరిగి అదే చోట వదలడం వీటి ముఖ్య విధానం. చోటు ఖాళీ అయితే కొత్త కుక్కలు వచ్చి చేరడం ఇందుకు ఒక కారణం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల విషయంలో తన పూర్వపు ఉత్తర్వును సవరించి, రేబీస్ సోకినవి, దాడి చేసే స్వభావం కలవి తప్ప మిగిలిన వాటిని టీకా, శస్త్రచికిత్సల తరువాత వదలవచ్చునని చెప్పింది.

సామెతలు, జాతీయాలు

* కుక్క తోక వంకర
* మొరిగే కుక్క కరవదు
* కుక్క కాటుకు చెప్పు దెబ్బ
* కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదినట్లు
* కుక్కనిద్ర: చిన్న అలికిడికే మెలకువ వచ్చే నిద్ర

విశ్వాసానికి కుక్కను మించినది లేదని చెప్పే తెలుగువారే, తిట్టడానికి కూడా ఎక్కువగా కుక్క పేరునే వాడడం విశేషం.

ఇవి కూడా చూడండి

* తోడేలు
* రేబీస్
* వీరగల్లు
* కౌండిన్య అభయారణ్యం
* బైరెడ్డిపల్లె