ప్రత్తిచేలకు ప్రభుత్వ ద్రవ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆర్కన్సా రాష్ట్రమందలి పాయిన్‌సెట్ కౌంటీ ప్రత్తి పండెడు పల్లెసీమ. 1930 తరువాతి యేండ్లలో అచ్చట భూమి కొందరిది, దున్నువారు వేరు. కౌలుదార్లును, పంటలో పాలునకు సేద్యము చేయువారును దుకాణపు అప్పులలో మునిగియుండిరి.

ఆర్థికమాంద్యమున ప్రత్తి ధర పడిపోయెను. 1933 మే నెలలో అధ్యక్షుడు రూజ్‌వెల్టు వ్యవసాయ సర్దుబాటు చట్టముపై సంతకము చేసెను. సాగు తగ్గించిన రైతునకు ప్రభుత్వము సొమ్మిచ్చును. అందులకై మిల్లులపై పన్ను వేయబడెను. ఆ యేడు సుమారు కోటి ఎకరములలో ఎదిగిన పైరునే దున్నివేసిరి. ధర కొంత కోలుకొనెను.

కాని ప్రభుత్వపు ఒడంబడిక భూస్వామితోనే. చెక్కు చేరునది అతని చేతికే. కౌలుదార్లకు రావలసిన పాలు పలుచోట్ల వారికి ముట్టలేదు. సాగు తగ్గగా పనివారితో అవసరమును తగ్గెను. అనేక కుటుంబములు ఇండ్లు విడువవలసి వచ్చెను.

1934 జూలైలో ఆ కౌంటీలోని టైరొంజా చెంత 11 మంది తెల్లవారు, 7గురు నల్లవారు ఒక్కచోట కూర్చుండి దక్షిణ కౌలురైతుల సంఘమును స్థాపించిరి. జాతిభేదము రాజ్యమేలిన ఆ సీమలో ఇది సామాన్య సాహసము కాదు. బెదిరింపులు, దెబ్బలు తప్పలేదు. అయినను 1935లో ప్రత్తి తీయువారు సమ్మె చేసి కూలి పెంచుకొనిరి. 1936 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పన్నును కొట్టివేసెను. 1938లో క్రొత్త చట్టము వచ్చెను.

పట్టా చూచి పంచిన ద్రవ్యము పట్టాదారునే చేరును. నాగలి పట్టినవాని పేరు చిట్టాలో నెక్కనిచో సహాయము గట్టుమీదనే నిలిచిపోవును. తన పాలెంతయో చదివి తెలిసికొన్నవాడే దానిని అడుగగలడు.